డిబ్బీ పగిలిన రోజు



మట్టి డిబ్బీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కుమ్మరి సారె మీద చిన్న ముంతలా రూపు దిద్దుకుని, పైన సన్నటి గాటు పెట్టించుకుని, తిరునాళ్లలోనో సంతలోనో పిల్లల చేతికి వచ్చేది. అందులో డబ్బు వేయడానికే గాని తీయడానికి దారి ఉండదు. తీయాలంటే పగలగొట్టాల్సిందే. పావలాలూ అర్ధరూపాయలూ వేసి, చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి, రోజుకోసారి బరువు చూసుకుని మురిసిపోయిన పిల్లలు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. వాళ్లే తల్లులు, తండ్రులు, కొందరైతే తాతలు కూడా.

ఆ డిబ్బీని చివరికి ఎవరు పగలగొట్టారన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. ఒక ఇంట్లో దసరా ముందు రోజు అందరూ చుట్టూ కూర్చుంటే పిల్లవాడే నేలకేసి కొట్టాడు. చిల్లర లెక్కపెట్టి, కావలసినది కొనుక్కున్నాడు. మరో ఇంట్లో పిల్లవాడు బడిలో ఉండగా, ఇరవై ఆరో తారీఖున, మందులకో పాలవాడి బాకీకో పెద్దవాళ్లే పగలగొట్టారు. సాయంత్రం వచ్చి పెంకులు చూసి ఏడుస్తుంటే, "ఒకటో తారీఖున ఇచ్చేస్తాలేరా" అన్నాడు తండ్రి. కొన్ని ఇళ్లలో ఆ ఒకటో తారీఖు వచ్చింది. కొన్ని ఇళ్లలో ఎప్పటికీ రాలేదు.

ఇలాంటిదే ఇంకొకటి. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్లి, తిరిగి బస్సెక్కేటప్పుడు తాతయ్య మనవడి గుప్పిట్లో నోటు పెట్టి మూస్తాడు. బస్సు పొలిమేర దాటకముందే అమ్మ చెయ్యి చాపుతుంది. "పారేసుకుంటావు, ఇలా ఇవ్వు, నేను దాచిపెడతా." నాలుగు నెలల తర్వాత ఆ నోటు అడిగితే, "నీ ఫీజు ఎక్కణ్ణుంచి కట్టాననుకున్నావు?" అని జవాబు వస్తుంది. తల్లిని తప్పుపట్టడానికి చెబుతున్నది కాదు ఇది. ఆ నోటు నిజంగా ఫీజుకే పోయి ఉంటుంది. పిల్లవాడికి మాత్రం వేరే లెక్క కుదిరింది. చేతిలో ఉన్నదే తనది, దాచమని ఇచ్చినది పోయినట్టే. ఆ లెక్క వాడు పైకి అనడు. ఇరవై ఏళ్ల తర్వాత మొదటి జీతం పది రోజుల్లో ఖర్చుపెట్టేస్తే, "వీడికి పొదుపు అంటే ఏమిటో తెలీదు" అని అదే ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

పొదుపు తెలియక కాదు. దాచినది దక్కుతుందన్న నమ్మకం లేక.

ఈ మాటకు ఒక మంచి ఆధారం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని బింగ్ నర్సరీ స్కూల్లో 1960ల చివర వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన మార్ష్‌మాలో ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. మార్ష్‌మాలో అంటే దూదిలా మెత్తగా ఉండే ఒక మిఠాయి. నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒకటి పెట్టి, "ఇప్పుడు తింటే ఇదొక్కటే. నేను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు" అని చెప్పి పెద్దవాళ్లు గది బయటికి వెళ్లిపోతారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాతి పరిశీలనల్లో తేలడంతో ఆ మిఠాయి జగత్ప్రసిద్ధమైంది. మన దగ్గర వ్యక్తిత్వ వికాస తరగతుల్లో కూడా ఈ కథ చెప్పని వక్త అరుదు. ఓర్పు ఉన్నవాడే పైకొస్తాడు, లేనివాడి రాత అంతే అని దాన్ని ముగిస్తుంటారు.

కానీ కథ అక్కడ ముగియలేదు. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు విద్యార్థిగా ఉన్న రోజుల్లో కాలిఫోర్నియాలో శాంటా ఆనా అనే ఊళ్లో, ఇల్లు లేని కుటుంబాల ఆశ్రమంలో స్వచ్ఛందంగా పనిచేసింది. ఒకే చోట అంతమంది పడుకునే ఆ ఆశ్రమంలో పిల్లల చేతిలోని బొమ్మైనా మిఠాయైనా క్షణంలో ఇంకొకరు లాక్కుపోవచ్చు. ఈ పిల్లల్లో ఎవరి ముందు మార్ష్‌మాలో పెట్టినా వెంటనే తినేస్తారు కదా అని ఆమెకు తోచింది. వాళ్లకు ఓర్పు లేదనాలా? లేక వాళ్లు తమ లోకాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారనాలా?

తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆమె చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 28 మంది. ముందుగా ఒక్కొక్కరికీ బొమ్మ వేసుకోమని అరిగిపోయిన రంగు కణికలు ఇచ్చారు. "కాసేపు ఆగితే మంచివి తెస్తాను" అని చెప్పి పెద్దామె వెళ్లింది. సగం మందికి నిజంగానే మంచి రంగులు వచ్చాయి. మిగతా సగం మంది దగ్గరికి ఆమె ఖాళీ చేతులతో వచ్చి, "అయ్యో, లేవమ్మా, వీటితోనే వేసుకో" అంది. స్టిక్కర్లతో మళ్లీ ఇదే తంతు. ఆ తర్వాతే మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలే. మొదటి జట్టు 14 మందిలో తొమ్మిది మంది పూర్తి పావుగంట ఆగితే, రెండో జట్టులో ఆగింది ఒక్కరు.

ఆ పిల్లలను జట్లుగా చేసింది వాళ్ల గుణాన్ని బట్టి కాదు. రెండు చిన్న మాటలు నిలబడటం, నిలబడకపోవడమే వాళ్ల మధ్య తేడా. పరీక్ష మొదలవడానికి ముందు గడిచిన కాసేపటికే అంత తేడా వస్తే, ఒకే ఇంట్లో పదిహేనేళ్లు పెరిగినప్పుడు ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు.

నిజానికి మిషెల్‌కు కూడా ఈ సంగతి తెలుసు. స్టాన్‌ఫర్డ్‌కు రాకముందే, 1950ల చివర ట్రినిడాడ్ దీవిలో పిల్లలతో ఆయన ఇలాంటి పరిశీలనే చేశాడు. తండ్రి ఇంట్లో లేని పిల్లలు రేపు వచ్చే పెద్ద మిఠాయి కన్నా ఇప్పుడు చేతికందే చిన్నదాన్నే ఎక్కువగా ఎంచుకున్నారని రాశాడు. ఇక 2018లో వేరే పరిశోధకులు 900 మందికి పైగా పిల్లల వివరాలతో స్టాన్‌ఫర్డ్ ఫలితాన్ని మళ్లీ పరీక్షించారు. ఓర్పుకూ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం మునుపు అనుకున్న దానిలో సగమే కనిపించింది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం లెక్కలోకి తీసుకుంటే అందులోనూ చాలా భాగం కరిగిపోయింది. ఓర్పు పిల్లవాడి ఒంట్లో పుట్టే సరుకు మాత్రమే కాదనీ, ఇల్లు కూడా దాన్ని పోస్తుందనీ అర్థం.

మళ్లీ మన ఇళ్లకు వద్దాం.

తెలుగు ఇళ్లలో పిల్లల చెవిన పడినా పిల్లలతో మాట్లాడని విషయం ఒకటుంది, అప్పు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి దాదాపు 92 వ్యవసాయ కుటుంబాల మీద అప్పు ఉంది. దేశం మొత్తం మీద ఆ లెక్క 50. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద అప్పట్లో ఉన్న సగటు అప్పు 2.45 లక్షల రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. బ్యాంకు పంట రుణం, కొట్టువాడి దగ్గర ఎరువుల బాకీ, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, పాడేసిన చీటీకి కట్టాల్సిన వాయిదాలు. ఇవన్నీ పెద్దవాళ్లు రాత్రి దీపం ఆర్పాక గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాలు. పక్క మంచం మీద దుప్పటి కప్పుకున్న పిల్లకు మాత్రం అక్షరం పోకుండా వినిపిస్తాయి. అంకెలు అర్థం కావు గాని గొంతులోని భయం అర్థమవుతుంది. పొద్దున్నే గుమ్మంలో ఎవరో పిలిస్తే, "నాన్న లేరని చెప్పు" అని ఆ పిల్లనే పంపిస్తారు. డబ్బు అంటే దాక్కోవలసిన విషయమని అంతకన్నా గట్టిగా ఎవరు నేర్పగలరు?

లేమి ఒక్కటే పిల్లలను దెబ్బతీస్తుందా, లేక లేమి ఇంటి మనుషులను మార్చే తీరు దెబ్బతీస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కోసం గ్లెన్ ఎల్డర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జీవితకాలం వెతికాడు. 1920, 21 సంవత్సరాల్లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో పెరిగిన 167 మంది పిల్లల జీవితాలను ఆయన పరిశీలించాడు. 1929 ఆర్థిక మాంద్యం వచ్చేసరికి వాళ్లకు ఎనిమిది తొమ్మిదేళ్లు. 1974లో అచ్చైన ఆయన పుస్తకంలో కనిపించే చిత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆదాయంలో మూడో వంతుకు పైగా పోగొట్టుకున్న ఇళ్లలో కూడా చాలామంది పిల్లలు కుంగిపోలేదు. మగపిల్లలు పేపర్లు వేసి, కొట్లలో పనిచేసి నాలుగు డబ్బులు తెచ్చారు. ఆడపిల్లలు ఇంటి పని మీద వేసుకున్నారు. ఇంటికి తమ అవసరం ఉందని వాళ్లకు తెలుసు, ఏం జరిగిందో కూడా తెలుసు.

చెడ్డ ఫలితాలు వేరే చోట కనిపించాయి. మాంద్యం నాటికి ఇంకా పసివాళ్లుగా ఉన్న మగపిల్లల్లో, ఉద్యోగం పోయాక తండ్రి చిటపటలాడుతూ చీటికీమాటికీ చెయ్యి చేసుకునే ఇళ్లలో. జీతం పోవడం కన్నా దాని వెంట వచ్చిన తండ్రి కోపమే పిల్లలను ఎక్కువ గాయపరిచిందని ఎల్డర్, ఆయన తోటి పరిశోధకులు తర్వాతి వ్యాసాల్లో చూపించారు. 1980ల వ్యవసాయ సంక్షోభం తర్వాత అయోవా రాష్ట్రంలో రాండ్ కాంగర్ బృందం 451 గ్రామీణ కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడూ ఇదే గొలుసు బయటపడింది. అప్పుల ఒత్తిడి తల్లిదండ్రులను కుంగదీస్తుంది, ఆ కుంగుబాటు మొగుడూపెళ్లాల మధ్య తగువవుతుంది, ఆ తగువు పిల్లల వీపు మీద తేలుతుంది. అయోవా మొక్కజొన్న రైతు కథే అయినా అనంతపురం వేరుశనగ రైతు ఇంట్లో ఎవరికీ ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

చేతిలో డబ్బు ఆడనప్పుడు మనిషికి ఓపికే కాదు, ఆలోచన కూడా తగ్గుతుంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకం బుద్ధి పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పంట డబ్బు చేతికి రాకముందు సరిగ్గా చేయలేకపోయిన పరీక్షలనే అదే రైతులు డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. మనిషి మారలేదు, జేబు మారింది. ఇరవై ఆరో తారీఖున డిబ్బీ పగలగొట్టిన తండ్రిని ఈ వెలుగులో చూస్తే, ఆయన మీద కోపం కన్నా జాలే కలుగుతుంది.

ఇక కష్టంలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారు? ఉల్‌రికే మాల్మెండియర్, స్టీఫన్ నాగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1960 నుంచి 2007 దాకా అమెరికన్ కుటుంబాల పెట్టుబడుల వివరాలు పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. జీవితంలో స్టాక్ మార్కెట్ పతనాలు చూసినవాళ్లు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గడిచినా షేర్లలో డబ్బు పెట్టడానికి వెనకాడుతూనే ఉన్నారని తేలింది. పుస్తకంలో చదివిన సంక్షోభం వేరు, ఒంటి మీద పడ్డ సంక్షోభం వేరు.

ఇది తెలుగు నేల మీద మరో రూపంలో కనిపిస్తుంది. రేషన్ కార్డు చేత్తో పట్టుకుని పంచదారకూ కిరసనాయిలుకూ క్యూలో నిలబడ్డ తరం ఇప్పటికీ హార్లిక్స్ సీసా పారేయదు, పెళ్లి శుభలేఖ వెనక వైపు సరుకుల చిట్టా రాస్తుంది, మంచి చీరను బీరువాలోనే పాతబడనిస్తుంది. ఆ ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ మాదాపూర్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డ కొడుకు నోట వినిపించే మాట మాత్రం ఒకటే. "మేం పడ్డ కష్టాలు మా పిల్లలు పడకూడదు."

ఈ వాక్యంలో ప్రేమ ఎంతుందో ప్రమాదమూ అంతే ఉంది. అలా అనే తండ్రి తన బాల్యానికి జవాబు చెప్పుకుంటున్నాడు, ఎదుట ఉన్న పిల్లకు కాదు. తనకు లేని సైకిల్‌కు బదులు మూడు సైకిళ్లు కొంటాడు. తాను చినిగిన సంచితో బడికి వెళ్లాడు కాబట్టి ఏటేటా కొత్త సంచి తెస్తాడు. తన తండ్రి ధర చెప్పి దెప్పేవాడు కాబట్టి తాను ధరే చెప్పడు. పిల్లలకు వస్తువు వస్తోంది గాని, దాని వెనకున్న పని, ఎంపిక, వద్దనుకోవడం కనపడవు. అప్పులున్న ఇంట్లో భయంతో డబ్బు మాట దాచారు, కలిగిన ఇంట్లో ప్రేమతో దాచారు. రెండు చోట్లా పిల్లలకు దక్కింది మౌనమే.

ఈ మౌనంలో నుంచి ఒకరి గొంతు మాత్రం ఎప్పుడూ కొంచెం బయటికి వినిపించేది, అది అమ్మది. మగవాడి సంపాదన గల్లా పెట్టెలోనో బ్యాంకులోనో ఉంటే, ఆడవాళ్ల డబ్బు పోపుల డబ్బాలో మెంతుల కింద, బియ్యం డ్రమ్ములో, చీర మడతల్లో, కొంగుముడిలో ఉండేది. ఇంట్లో జ్వరమొస్తే, పరీక్ష ఫీజుకు రేపే ఆఖరి రోజైతే ముందుగా తెరుచుకునేది ఆ డబ్బాయే. 2016 నవంబర్ 8 రాత్రి ఐదువందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించగానే ఆ రహస్యం దేశమంతటా ఒక్కసారి బయటపడింది. ఇంగువ వాసన కొట్టే నోట్లు తీసి భర్త ముందు పెట్టడానికి ఎంతమంది ఆడవాళ్లు తలవంచుకున్నారో! దాచింది ఇంటి కోసమే అయినా దొంగతనం పట్టుబడ్డట్టు నిలబడాల్సి వచ్చింది. అలా గృహిణులు బ్యాంకులో వేసిన రెండున్నర లక్షల లోపు సొమ్మును లెక్కలో లేని ఆదాయంగా చూడరాదని ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ 2021లో తీర్పిచ్చింది. ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుకు ఒక న్యాయపీఠం నుంచి గౌరవం దక్కిన సందర్భం అది.

ఆ డబ్బా నుంచి డబ్బు బహిరంగంగా బయటికి వచ్చిన చోటు తెలుగు దేశంలోనే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అని సారా మీద ఒక పాఠం ఉండేది. అది చదివిన ఆడవాళ్లు దూబగుంట గ్రామంలో రోసమ్మ అనే మహిళ వెంట నడిచి సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా ఆగిన ఇంట్లో మిగిలిన డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా నెల్లూరులోనే పొదుపులక్ష్మి మొదలైంది. మనిషికి రోజుకు ఒక రూపాయి. రూపాయి చిన్నదే, కానీ దాన్ని అందరి ముందూ కట్టాలి, పుస్తకంలో రాయాలి, అప్పు తీసుకుంటే సంఘంలో చెప్పాలి. సంతకం నేర్చుకుంటున్న తల్లులు చాలా చోట్ల ఆ పద్దు పుస్తకం రాయడానికి బడికెళ్లే కూతుళ్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు. డబ్బు గుసగుసగా కాక గట్టిగా మాట్లాడుకునే విషయంగా ఆ ఆడపిల్లలు చూశారు. ఏ బడి పాఠమూ దానికి సాటి రాదు.

డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది పిల్లల ఒంటి మీద కూడా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో 1990ల మొదట్లో నల్లజాతి వృద్ధులకు పింఛన్లు పెరిగాక జరిగినదాన్ని ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్త పరిశీలించింది. ఆమెకు 2019లో నోబెల్ వచ్చింది. పింఛను నాయనమ్మలు, అమ్మమ్మల చేతికి వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల బరువు, ఎదుగుదల మెరుగుపడ్డాయి. తాతల చేతికి వచ్చిన ఇళ్లలో ఆ తేడా కనిపించలేదు.

మనవరాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక నొప్పి చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను అనుసరిస్తోంది. ఆ పిల్లల్లో ఏడెనిమిదేళ్ల వయసువాళ్లలో 2002లో నూటికి 24 మంది ప్రైవేటు బడికి వెళ్తుంటే, 2009 నాటికి 44 మంది వెళ్తున్నారు. అందులో ఆడపిల్లలు వెనకబడే ఉన్నారు. అన్న కాన్వెంటు బస్సెక్కుతుంటే చెల్లెలు ఊళ్లోని సర్కారు బడికి నడిచి వెళ్తుంది. సర్కారు బడి తక్కువని కాదు, ఆ చెల్లెలికి అర్థమయ్యేది వేరు. అన్న మీద పెట్టేది పెట్టుబడి, తన మీద పెట్టేది ఖర్చు. తన పేరు మీద కూడబెట్టే బంగారం తన చదువుకు కాదు, తన పెళ్లికి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచి హిందూ కుటుంబాల్లో పెళ్లికాని కూతుళ్లకు తండ్రి తాతల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా పుట్టింటి నుంచి పొలంలో వాటా అడిగిన ఆడపిల్లను ఊరు ఎలా చూస్తుందో తెలిసిందే. "కట్నం ఇచ్చాం కదా" అన్న మాటతో ఆ హక్కు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. తల్లి అలా సంతకం పెట్టి వాటా వదులుకోవడం చూసిన కూతురు, రేపు తన జీతం మీద కూడా తనకు హక్కుందని ఎలా నమ్ముతుంది?

ఇప్పటి పిల్లలకు ఇంకో చిక్కు వచ్చిపడింది. వాళ్లకు డబ్బు కనపడదు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలయ్యాక కిరాణా కొట్టు గల్లా మీద క్యూఆర్ బొమ్మ వెలిసింది. తండ్రి ఫోన్ చూపిస్తాడు, గల్లా పక్కన స్పీకర్ డబ్బా "రూపాయలు అందాయి" అని పలుకుతుంది, చాక్లెట్ చేతికొస్తుంది. నోటు విప్పి ఇవ్వడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, జేబు తేలికవడం, ఏదీ ఉండదు. డబ్బు చేతిలోంచి పోతున్నట్టు తెలియకపోతే పెద్దవాళ్లు కూడా ఎక్కువ ఖర్చుపెడతారు. అమెరికాలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు 2001లో ప్రచురించిన ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ టికెట్లకు క్రెడిట్ కార్డుతో చెల్లించాలన్నవాళ్లు, నగదు ఇవ్వాలన్నవాళ్ల కన్నా వేలంలో దాదాపు రెట్టింపు పాడారు. పెద్దవాళ్ల సంగతే అదైతే పదిహేనేళ్ల పిల్లవాడి మాట చెప్పాలా? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. చట్టం రావడం మంచిదే. అయితే ఫోన్‌లో పోగొట్టిన ఐదు వేల సంగతి ఆ పిల్లవాడు మొదటి రోజే తండ్రితో చెప్పగలడా, లేక దాన్ని కప్పిపుచ్చడానికి యాభై వేలు పోగొడతాడా అన్నది చట్టం చేతిలో లేదు. "నాన్న లేరని చెప్పు" అన్న మాట విని పెరిగినవాడు దాస్తాడు.

పెద్దవాళ్లు తమకు తెలియకుండానే నేర్పినవి ఇన్ని ఉన్నప్పుడు, తెలిసి నేర్పగలిగినవీ ఉన్నాయి, వాటికి పెద్ద చదువు అక్కర్లేదు. నెల మొదట్లో కరెంటు బిల్లు, పాల బిల్లు, ఫీజు, చీటీ వాయిదా నలుగురూ చూసేలా ఒక కాగితం మీద రాస్తే సరిపోతుంది. అప్పుంటే ఉందని చెప్పవచ్చు. ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అన్నది పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది, దుప్పటి కింద విన్న గుసగుస కన్నా అది తక్కువ భయపెడుతుంది. పదేళ్లు నిండిన పిల్లలు తామే నడుపుకునేలా సేవింగ్స్ ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ ఖాతాలో తాతయ్య ఇచ్చిన నోటు వేసి, అవసరానికి తీసుకోవాల్సి వస్తే అడిగి తీసుకుని, అన్న తేదీకి తిరిగి వేస్తే, సెలెస్ట్ కిడ్ ప్రయోగంలో మొదటి జట్టు పిల్లలకు దక్కిందే ఆ పిల్లకూ దక్కుతుంది. వెయ్యలేకపోతే, ఆ రోజే కూర్చోబెట్టి "ఈ నెల కుదరలేదమ్మా, వచ్చే నెల పదో తారీఖు" అని చెప్పడానికి తండ్రికి కావలసింది ధైర్యం ఒక్కటే.

విజయవాడలో ఒక ఇల్లు. ఆదివారం పొద్దున్నే పదకొండేళ్ల పిల్ల చేతికి రెండు వందల రూపాయల నోటు, గుడ్డ సంచి, కూరగాయల చిట్టా ఇచ్చి రైతుబజారుకు పంపించారు. నాన్న వెంటే వెళ్లాడు గాని గేటు దగ్గరే నిలబడ్డాడు. బోర్డు మీద ధరలు చదువుకుని, వంకాయలు ఏరి, బెండకాయల తొడిమలు తుంచి చూసి, కొత్తిమీర కట్టకు బేరమాడి ఆ పిల్ల లోపలంతా తిరిగింది. టమాటాలు రెండు కిలోలు తీసుకుంటే తక్కువకే ఇస్తానన్నాడని తీసుకుంది. చిట్టాలో ఉన్నది ఒక కిలో. బయటికి వచ్చేసరికి సంచి అడుగున టమాటాలు సగం చితికి, రసం గుడ్డలోంచి కారుతోంది. చేతిలో పద్నాలుగు రూపాయలు మిగిలాయి. ఉల్లిపాయలు మర్చిపోయింది. మొహం చిన్నబుచ్చుకుని చిల్లర తండ్రి చేతిలో పెట్టబోతే ఆయన తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు, వచ్చే వారం కూడా నువ్వే కదా తెచ్చేది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో టమాటా పచ్చడి నూరారు. పిల్ల వెల్లుల్లి ఒలిచింది.